బావ బుర్ర మీద పరిశోధన

నవంబర్ 10, ఆదివారం

ఈ డైరీ పోయిన ఏడాది ఒక పురుగుమందుల కంపెనీ వాళ్లు ఉచితంగా ఇచ్చింది. పాతది కాబట్టి తేదీలకు, వారాలకు పొంతన లేదు. ప్రతి పేజీలో అచ్చయిన వారం కొట్టేసి అసలుది రాసుకోవాలి. వారం తప్పుగా కనిపిస్తే దిద్దకుండా ఉండలేను. అది మా వంశ లక్షణం.

పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సులో అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, దిగింది. కాళ్లు కూడా కడుక్కోకుండా వరండాలో కూర్చుని మొదలుపెట్టింది.

"ధనుర్మాసం పడకముందే తాంబూలాలు మార్చుకుందాం. గిరీశ్‌గానికి ఇరవై ఎనిమిది నిండె. నీకు చదువైపోయె, పనీ దొరికె. ఇంకేందీ అడ్డం?"

గిరీశ్ అంటే మా మేనమామ కొడుకు. అవ్వకు ఒక్కడే మనవడు. ఎవరు ఎవరి పెళ్లాం కావాలో మేం పుట్టినప్పుడే తేలిపోయిందని అవ్వ నమ్మకం. అడ్డం ఏమిటో చెబితే ఆమెకు అర్థం కాదు. నాయన ఎప్పటిలాగే "మీ అమ్మ ఎట్లంటే అట్ల" అని స్టీలు సామాన్ల అంగడికి వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం గడువు పెట్టింది.

"డిసెంబర్ పదైదు దాకా టైము. ఔనంటే ఔను, కాదంటే కాదు. మద్దెలో నసగొద్దు."

కాదనే అంటాను. గడువు కూడా అక్కర్లేదు.

నవంబర్ 11, సోమవారం

వద్దు. కారణం పూర్తిగా శాస్త్రీయం. ఈ విషయం ఇంతటితో ముగిసింది.

నవంబర్ 12, మంగళవారం

శాస్త్రీయం అని రాశాను గానీ శాస్త్రం రాయలేదు. రేపు నేనే చదువుకుంటే నమ్మాలి కదా.

నేను జన్యుశాస్త్రంలో ఎమ్మెస్సీ, బంగారు పతకంతో. పతకం బీరువాలో ఉంది. అడిగితే చూపిస్తాను, అడక్కపోయినా చూపిస్తానని హిమజ వదిన అంటుంది. నంద్యాల పరిశోధన కేంద్రంలో శనగ మీద పని చేస్తున్నాను. మనుషుల తెలివిలో తేడాలు ఎందుకు వస్తాయని కవలల మీద, దత్తు పిల్లల మీద బోలెడు పరిశోధనలు జరిగాయి. పెద్దవాళ్లలో కనిపించే తేడాల్లో సగమో, ఇంకొంచెం ఎక్కువో జన్యువుల వల్లే అంటారు. అది జనం మొత్తంలో కనిపించే తేడాల మాట, ఒక్క మనిషి బుర్రలో ఇంత భాగం తాతది, ఇంత భాగం బడిది అని కోసి చూపలేం. ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో రాసి పతకం తెచ్చుకున్నాను.

కానీ మా ఇల్లు చూస్తే కోసి చూపొచ్చనిపిస్తుంది. మా అమ్మ వాళ్ల నాయన, అంటే మా తాత, ఏ తేదీ చెప్పినా టక్కున వారం చెప్పేవాడట. మొదటి పంద్రాగస్టు? శుక్రవారం. ఆళ్లగడ్డలో జనం పనిగట్టుకుని వచ్చి అడిగేవాళ్లట. అమ్మా చెబుతుంది. నేనూ చెబుతాను. తాత బుర్ర సూటిగా మా మీదికి దిగింది. గిరీశ్ బావ తాత కొడుక్కి కొడుకై ఉండీ రేపేం వారమో ఎదురంగడి వాళ్లను అడుగుతాడు. ఇంటర్ రెండుసార్లు తప్పాడు. మొదటిసారి ఫిజిక్స్ పరీక్ష రోజున బస్టాండు దగ్గర లారీలోంచి నంది విగ్రహం జారి రోడ్డుకు అడ్డం పడితే, క్రేను వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. రెండోసారి ఏ నందీ పడలేదు.

దీనికి తోడు మేనరికం. మేనరికపు పిల్లలకు తెలివి పరీక్షల్లో సగటున మూడు నాలుగు పాయింట్లు తగ్గుతాయని కొన్ని అధ్యయనాలు చెబుతాయి. అవ్వా తాతలదీ మేనరికమే. బావకు అక్క అయిన హిమజ వదిన తన సొంత మేనమామనే చేసుకుంది. ఇక్కడే నంద్యాలలో, మాకు రెండు వీధుల అవతల ఉంటారు. వాళ్ల రక్షితకు ఏడేళ్లు. మాటలు ఆలస్యంగా వచ్చాయి. అక్షరాలు ఇంకా రాలేదు.

రక్షిత అంటే నాకు ఇష్టం. కానీ నాకు అలాంటి బిడ్డ వద్దు. ఈ వాక్యం రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను. ఎవరూ చదవరు కదా.

బావ మంచివాడే. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం. నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోతాయి. అదీ అప్రస్తుతం.

నవంబర్ 17, ఆదివారం

ఆళ్లగడ్డ వెళ్లి వచ్చాను, సమాచార సేకరణకు. సమాచార సేకరణకు ఆకుపచ్చ పట్టుచీర ఎందుకని అమ్మ అడిగింది. చేతికి అందింది కట్టుకున్నానని చెప్పాను.

బావ అంగడి శిల్పులు పనిచేసే వీధిలో ఉంది. ఉలులు, సుత్తులు, సానరాళ్లు, రాయి కోసే బ్లేళ్లు అమ్ముతాడు. చుట్టూ అన్నిటి మీదా తెల్లటి రాతిపొడి, బావ కనురెప్పల మీద కూడా. నా ఫోనులో తెలివి పరీక్ష తెరిచి ఇచ్చాను. బొమ్మల వరుస ఉంటుంది, ఖాళీ గడిలో ఏ బొమ్మ రావాలో చెప్పాలి. చదువుతో పని లేదు. పచ్చి బుర్రను కొలుస్తుంది.

"ఏందీ ఇది?"

"ఆట."

"ఆట మొగం మాదిరి లేదే ఇది. పరీక్ష మొగం ఉండాది."

అని గొణుక్కుంటూనే పెట్టాడు. మొదటిది రైటు. రెండోది రైటు. పదకొండు బొమ్మలు నాలుగు నిమిషాల్లో పెట్టేశాడు, పదకొండూ రైటు. పన్నెండోది తెరుచుకునేసరికి శిల్పి జీవన్ కుమార్ వచ్చాడు, కొత్త ఉలి మొన వంగిపోయిందని. బావ నా ఫోను బస్తా మీద పెట్టేసి, ఉలిని వెలుగుకు ఎత్తి చూసి, ఏ రాయి, ఏ మూల, ఎట్ల కొట్టినావన్నా అని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి పరీక్ష గడువు అయిపోయింది.

"యాడున్నాం మనం?" అన్నాడు.

ఎక్కడా లేం. ఫలితం: అసంపూర్ణం.

తర్వాత శనగల గురించి అడిగాడు. పూత మీద ఉన్నాయని చెప్పాను.

"వాటికి సంబంధాలు యాడినుంచి తెస్తావు?"

"సంబంధాలు లేవు బావా. శనగ పువ్వు విచ్చుకోకముందే లోపలే తనకు తానే పరాగం పూసుకుంటుంది. తనను తానే చేసుకుంటుందనుకో."

"అంటే మేనరికం కన్నా దగ్గిర."

"ఊఁ."

"ఎన్నాళ్ల నుంచి?"

"వేల ఏళ్ల నుంచి."

"బాగనే ఉండాయి కదప్పా. మొన్నే గుగ్గిళ్లు తిన్నా."

మొక్కల సంగతి వేరు, చెడ్డవి ఎప్పుడో చచ్చి వడపోత అయిపోయింది, మిగిలినవే మనం తింటున్నామని చెప్పాను. అది నిజమైన జవాబే. బావ తలూపి, "అంతే అంతే" అని నవ్వాడు. కళ్లు మూసుకుపోయాయి.

నవంబర్ 18, సోమవారం

పోల్చి చూడాలి కాబట్టి ఆ పరీక్ష నేనూ రాశాను. మధ్యలో కరెంటు పోయింది. చెల్లదు.

నవంబర్ 19, మంగళవారం

మళ్లీ రాశాను. మొదటి పదకొండింట్లో పది. కరెంటు పోలేదు గానీ తలనొప్పిగా ఉంది.

నవంబర్ 22, శుక్రవారం

వరసగా రాయాలి.

మద్దమ్మ వచ్చింది. అహోబిలం అవతల నల్లమలలోని చెంచుగూడెంలో ఉంటుంది. తాత ఉన్నన్నాళ్లూ ఆయన అంగడికి తేనె, కుంకుడుకాయలు తెచ్చేది. అమ్మ ఏటా ఆమెకు చీర పంపుతుంది. పాత పరిచయం, దానధర్మం అనుకునేదాన్ని. ఇప్పుడు కంటిపొర ఆపరేషన్‌కు నంద్యాల వస్తే అమ్మ మా ఇంట్లోనే పెట్టుకుంది. ఆపరేషన్ అయింది, నల్లద్దాలు పెట్టుకుని వరండాలో రాణీలా కూర్చుంది. పక్కింటావిడ పలకరించడానికి వచ్చి, మీకూ ఈమెకూ ఏమిటి సంబంధం అని అడిగింది. మద్దమ్మ ఏమందో తెలుసా?

"ఈయమ్మ నా బిడ్డే. నా పాలు తాగిన బిడ్డ. శెట్టిగారికి అమ్మినా."

శెట్టిగారంటే మా తాత. నేను లోపల బియ్యం ఏరుతున్నాను. బియ్యం అలాగే వదిలేసి అమ్మను అడిగాను. "ఔ, ఆయమ్మ బిడ్డనే. చారు పొంగుతాండాది చూడు" అంది. ముఖంలో ఏ మార్పూ లేదు. శాస్త్రవేత్త ఒక్కరి మాట నమ్మకూడదు. అవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, అమ్మ నీ కడుపున పుట్టిందా?"

అవ్వ గొంతు తగ్గించింది.

"నా బిడ్డ కాదు. మద్దమ్మ బిడ్డ. ఎవురడిగినా అదే మాట. ఇంగా నోరు మూసుకోని ఫోన్ పెట్టు."

ముగ్గురూ ఒకే మాట.

నవంబర్ 24, ఆదివారం

రెండు రోజులు ఏడవాలని చూశాను. రాలేదు. పైగా నిన్న పొలంలో పువ్వు పువ్వుకూ పాట పాడుతున్నానని తోటి అమ్మాయి లూదియా నవ్వింది.

ఆలోచిస్తే విషయం సులువు. అమ్మ అవ్వకు పుట్టలేదు. కాబట్టి అమ్మకూ మామకూ రక్తం కలవదు. కాబట్టి నాకూ బావకూ రక్తం కలవదు. అది మేనరికమే కాదు! నల్లమలకూ ఆళ్లగడ్డ అంగడికీ మధ్య సంబంధం. శనగలో ఇలాంటి దూరపు సంకరం చేయాలంటే నేను తెల్లవారకముందే లేచి పట్టకారుతో మొగ్గలు చీల్చాలి.

నా సంతోషం పూర్తిగా శాస్త్రీయం. ఒక అడ్డంకి తొలగితే ఏ శాస్త్రవేత్తకైనా ఇంత సంతోషం ఉంటుంది. పొద్దున్నుంచి బావకు నాలుగుసార్లు ఫోన్ చేసి నాలుగుసార్లూ వేరే సంగతి మాట్లాడాను. బ్లేళ్ల ధరలు కూడా అడిగాను.

నవంబర్ 25, సోమవారం

ఇంకా బాగుంది. నా బుర్ర తాతది కాకపోతే ఎవరిది? మద్దమ్మది! సాయంత్రం పెరట్లో కూర్చోబెట్టి ఆకులు ఇచ్చాను. నల్లద్దాలు తీయకుండానే, నలిపి వాసన చూసి పద్నాలుగింటికి పద్నాలుగు పేర్లు చెప్పింది. ఏది ఏ జ్వరానికో కూడా చెప్పింది. నేను మొక్కల మీద పని చేయడం ఊరికే జరగలేదు. రక్తం ఎక్కడికి పోతుంది!

వారాలు కూడా అడిగాను. "అవ్వా, పంతొమ్మిదివందల ఎనభై, మార్చి మూడు ఏం వారం?"

"ఆ పొద్దు నీకేం పనుండె?" అంది మద్దమ్మ.

సోమవారం. నేనే చెప్పుకున్నాను.

నవంబర్ 26, మంగళవారం

ఒక చిక్కు వచ్చింది. మద్దమ్మకు వారాలు రావు. తాత రక్తం అమ్మలో లేదు. మరి అమ్మకు ఆ విద్య ఎక్కడిది? అడిగాను. అమ్మ పప్పు రుబ్బుతూ చెప్పింది.

"మీ తాత నేర్పినాడు. నెలకొక అంకె, శతాబ్దానికొక అంకె. అన్నీ కూడి ఏడుతో భాగారిస్తే మిగిలిందే వారం. అంగట్లో గిరాకీ లేనప్పుడు కూర్చోబెట్టి చెప్పేటోడు. నీకు నేను నేర్పలా? అరటిపండు ఇస్తానంటేనే నేర్చుకుంటివి."

"మరి బావకు ఎందుకు రాదు?"

"వానికి రెండేండ్లప్పుడే మీ తాత పాయె. ఇంగెవురు నేర్పుతారు? మీ మామకు ఓపిక లేదు."

అరటిపండు నాకు గుర్తుంది. అంకెలూ గుర్తున్నాయి. ఇన్నేళ్లూ దాన్ని ఎక్కాల పట్టిక అనుకోకుండా జన్యువు అనుకున్నాను. పతకం ఎవరికీ చూపించకూడదని ఈ రోజుకు నిర్ణయం.

డిసెంబర్ 1, ఆదివారం

మద్దమ్మను ఇంటి దగ్గర దింపడానికి వెళ్లాను. ఆళ్లగడ్డ దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. గూడెంలో ఆమె కొడుకు అంకన్న చెట్టు కింద మంచం వేశాడు. వంశవృక్షం పూర్తి చేయాలి కాబట్టి అడిగాను, అమ్మకు నాయన ఎవరు అని.

మద్దమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అంకన్నను కేకేసి మరీ చెప్పి నవ్వింది. ఇద్దరూ నవ్వారు. అంకన్న మంచం పట్టె పట్టుకుని నవ్వాడు.

"పిచ్చిపిల్లా! మీ అమ్మ మీ అవ్వ కడుపునే పుట్టె. మీ అవ్వకు ముందర ఇద్దరు మగపిల్లోళ్లు పుట్టి పోయిరి. ఒగడు మూడు నెల్లకు, ఒగడు ఏడాదికి. మూడో కాన్పప్పుడు మీ తాత నా కాడికొచ్చె. నా పిల్లోళ్లు నలుగురూ రాళ్ల మాదిరి ఉండిరి. బిడ్డను చేటలో పెట్టి నా చేతికిచ్చిరి. మూడు దినాలు నా పాలే తాగె. నాలుగో దినం చేటెడు తవుడు పోసి కొనుక్కపోయిరి. యముడొస్తే ఏం చూస్తాడు? శెట్టిగారి బిడ్డ లేదు, ఇది తవుడుకొచ్చిన బిడ్డ, నాకెందుకులే అని పోతాడు."

"మరి అవ్వ, నా బిడ్డ కాదనే చెప్పింది కదా!"

"ఇంకేం చెప్తాది? నాదేనని నోరు జారితే ఆ యముడు ఇంటే? యాభై ఐదేండ్లాయె, ఆయమ్మ ఒక్కసారన్నా నా బిడ్డ అనిండ్లా. మీ మామ పుట్టినంక గూడా అనిండ్లా."

అవ్వ అమ్మను బిడ్డా అనదు, ఎప్పుడూ పరాయిదాన్ని పిలిచినట్టు "మే" అనే పిలుస్తుంది. కోపిష్టి మనిషి అనుకునేదాన్ని.

తిరిగి వచ్చేటప్పుడు ఆళ్లగడ్డలో బస్సు పావుగంట ఆగింది. బావ అంగడి రెండు నిమిషాల దూరం. దిగలేదు. కిటికీ పక్క కూర్చుని ఏడ్చాను. వారం రోజులుగా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. బావ మళ్లీ మేనబావ అయిపోయినందుకు ఏడ్చాను. ఇది శాస్త్రీయం కాదు. నాకు బావ కావాలి. పదేళ్ల నుంచి కావాలి. రాసేశాను, కొట్టేయను.

డిసెంబర్ 2, సోమవారం

అవ్వా తాతలది మేనరికం. ఇద్దరు బిడ్డలు పోయారు. ఎందుకు పోయారో ఎవరికీ తెలియదు. వాళ్ల పేర్లు కూడా ఎవరూ తలుచుకోరు.

డిసెంబర్ 3, మంగళవారం

నాతో చదివిన ఫెబా ఇప్పుడు కర్నూలులో పుట్టుక జబ్బుల గురించి దంపతులకు సలహాలు చెబుతుంది. ఫోన్‌లో అంతా చెప్పాను. "నా స్నేహితురాలి సమస్య" అని మొదలుపెట్టాను. "నీ స్నేహితురాలికి శనగ పొలం ఉందా?" అంది.

కొన్ని జబ్బులకు ముందే రక్తపరీక్ష ఉంది, ఇద్దరినీ రమ్మంది. తెలివికి మాత్రం పరీక్ష లేదంది. వేల జన్యువులు, ఒక్కోటి చిటికెడంత, వాటిని కూడి నీ బిడ్డ ఇంత తెలివితో పుడుతుందని చెప్పే కాగితం ఎవరూ ఇవ్వలేరంది. నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. వేరేవాళ్ల నోట వింటే భయమేసింది.

"ఆ చిన్నపాపకు ఎందుకలా ఉందో కనుక్కున్నావా?" అని అడిగింది. మేనరికం వల్ల అన్నాను. "నేను అడిగింది అది కాదు, కనుక్కున్నావా అని."

డిసెంబర్ 5, గురువారం

వదిన ఇంటికి కాగితం పట్టుకుని వెళ్లాను. మా చదువులో వంశవృక్షం గీసే పద్ధతి ఒకటి ఉంది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్న. లోపం ఉన్నవాళ్లకు లోపల నలుపు పూస్తారు. రాత్రే శుభ్రంగా స్కేలుతో గీశాను. వదినకు చూపిస్తూ ఇది అవ్వ, ఇది మామ, ఇది నువ్వు అని చెబుతున్నాను. వదిన వేలు కింది సున్న మీద ఆగింది.

"ఇదెవురు?"

"రక్షిత."

"నా బిడ్డకు నలుపెందుకు పూసినావు?"

పద్ధతి అని చెప్పాను. వదిన అరవలేదు. అరిచినా బాగుండేది. రక్షిత గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అది పుట్టంగనే ఏడవల్యా. శానాసేపు ఏడవల్యా. గాలాడక మెదడుకు దెబ్బ తగిలిందని డాక్టరమ్మ అప్పుడే చెప్పె. కాయితాలు బీరువాలో ఉండాయి. ఏడేండ్లలో ఒక్కసారన్నా అడిగినావా నువ్వు? మేనరికమని నువ్వే అనుకుంటివి, నువ్వే పూస్తివి." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "సరే, మేనరికమే అనుకో. నీ భయమేందీ? నా బిడ్డ మాదిరిది పుడతాదనేనా?"

నేను మడిచిన కాగితాన్ని ఇంకో మడత వేశాను.

"ఇంత చదువు చదివినావు. రెండీదుల అవతలుండావు. దానికొక అచ్చరమన్నా చెప్పినావా ఎప్పుడన్నా?"

ఇంటికి వచ్చి కాగితం చించేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

డిసెంబర్ 6, శుక్రవారం

వదిన తలుపు తీసి, నన్ను చూసి, పక్కకు జరిగింది. మాట్లాడలేదు. రక్షితతో "ర" మొదలుపెట్టాను.

డిసెంబర్ 7, శనివారం

ర.

డిసెంబర్ 8, ఆదివారం

ర. మధ్యలో రక్షిత నా చేతి గాజులు మూడుసార్లు లెక్కపెట్టింది, మూడుసార్లూ వేరే వేరే అంకెలు వచ్చాయి. మూడుసార్లూ ఇద్దరం చప్పట్లు కొట్టాం.

డిసెంబర్ 10, మంగళవారం

"ర" వచ్చింది! గోడ మీద బొగ్గుతో తనంతట తనే రాసింది. వదిన లోపలి నుంచి వచ్చి చూసి, గోడ పాడైందని నన్ను తిట్టింది. అంటే మాటలు కలిసినట్టే.

డిసెంబర్ 13, శుక్రవారం

ఈ రోజు సెలవు పెట్టి ఆళ్లగడ్డ వెళ్లాను. మామూలు చీరే.

బావ ఒక్కడే ఉన్నాడు. బస్తా మీద కూర్చుని, ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా మొత్తం చెప్పేశాను. తవుడు, మద్దమ్మ, పోయిన ఇద్దరు బిడ్డలు, ఫెబా, వదిన. మనం చేసుకుంటే బిడ్డలకు జబ్బులు వచ్చే అవకాశం మామూలు కంటే కొంత ఎక్కువ, కొన్నిటికి రక్తపరీక్ష ఉంది అన్నాను.

"పోదాం. సోమారం పోదామా?" అన్నాడు. అంతే. నేను దానికోసం అరగంట వాదన తయారుచేసుకుని వెళ్లాను.

"దాంట్లో తెలివి గురించి ఏమీ రాదు బావా."

"నీ భయం అదే గదా?"

"ఊఁ."

"తగ్గితే ఎంత తగ్గుతాదంట?"

"సగటున మూడు నాలుగు పాయింట్లు. అది కూడా కచ్చితంగా తేలలేదు. కొందరికి అసలు తగ్గదు, కొందరికి ఎక్కువే తగ్గొచ్చు."

అప్పుడే ఒకాయన వచ్చి పావుకిలో ఇనప మొలలు అడిగాడు. బావ ఆయన్ను ఒక్క నిమిషం ఉండన్నా అని, నా వైపు తిరిగాడు. నవ్వడం లేదు. కళ్లు పూర్తిగా తెరిచే ఉన్నాయి.

"అంటే నీ అంత తెలివి ఉండదు. అంగట్లో కూర్చుంటాది. ఏం వారమో పక్కోళ్లను అడుగుతాది."

నేను తల వంచుకున్నాను.

"అంటే నా మాదిరి," అన్నాడు బావ. "నా మాదిరి పుడితే వద్దా నీకు?"

నెల రోజులుగా పుట్టని బిడ్డ గురించి భయపడుతున్నాననుకున్నాను. నిజానికి పదేళ్లుగా కావాలనుకుంటున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని, నీలాంటివాడు నాకు పుడతాడేమోనని భయంగా ఉంది అని చెబుతున్నాను. అది బావకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే ఆ ఫోనులో బొమ్మలు పెట్టాడు, తెలిసే శనగల గురించి అడిగాడు. ఒక్కసారి కూడా ముఖం ముడుచుకోలేదు. నేను ఇంత మొద్దునని ఏ పరీక్షా చెప్పలేదు.

మొలల ఆయన ముందే ఏడ్చేశాను.

"కావాల," అన్నాను.

"ఏం కావాల?"

"నీ మాదిరిదే కావాల."

బావ మొలలు తెస్తానని గబగబా లోపలి గదిలోకి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. నేనూ ఆ మొలల ఆయనా ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డాం. చివరికి బావ వచ్చాడు, కళ్లు ఎర్రగా, చేతులు ఖాళీగా. మొలలు తేవడం మర్చిపోయాడు.